నొప్పి పోయింది, రాయి పోలేదు

పోయిన ఎండాకాలం నా ఎడమ కిడ్నీలో నుంచి ఒక రాయి జారి, కిందికి దిగి, బయటికి వచ్చేదాకా నా ఒంట్లో ఏమేం జరిగిందో రాస్తున్నాను. తెలిసినవాళ్లు ఫోన్ చేసి "మేడం, మీకు నొప్పి ఎట్లుండె? నాకూ డొక్కల నొస్తాంది, అదేనా?" అని అడుగుతున్నారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఫోన్లో సగం చెప్తాను, సగం మర్చిపోతాను. అందుకే ఇది.

నేను హనుమకొండలో ఉంటాను. పరకాల దిక్కు ఒక ఊళ్లో హైస్కూల్లో బయాలజీ చెప్తాను. పొద్దున చాయ్ తాగి బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేదాకా మేం నీళ్లు తాగేది తక్కువ. తాగాలని తెలియక కాదు. బస్సులో గంట ప్రయాణం, నిలబడటానికే చోటుండదు. బడిలో ఆడవాళ్ల మరుగుదొడ్డికి ఒకరోజు నీళ్లుంటే ఇంకోరోజు ఉండవు. టీచర్లమంతా గొంతు తడుపుకునేంత తాగి సీసా మూత పెట్టేస్తాం. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు, వాటి వెంటే పదో తరగతి పరీక్షల డ్యూటీ, ఆ తర్వాత స్పాట్ వాల్యుయేషన్. ఓరుగల్లులో ఏప్రిల్‌లోనే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఒంట్లో నీరు చెమటగా పోతుంది, మూత్రం తగ్గి చిక్కబడుతుంది. అందులో కరిగి ఉండాల్సిన కాల్షియం, ఆక్సలేట్ కరగలేక స్ఫటికాలుగా పేరుకుంటాయి. విసర్జన పాఠంలో కిడ్నీ బొమ్మ గీసి పిల్లలకు నేను చెప్పే సంగతే ఇది.

రాయి కిడ్నీలో కదలకుండా ఉన్నంతకాలం చాలామందికి ఏమీ తెలియదు. నాకు ముందుగా తెలిసినవి చిన్న గుర్తులే. స్పాట్‌లో పేపర్లు దిద్దేటప్పుడు ఎడమ పక్క, చివరి పక్కటెముక కింద, వీపు వైపు ఒక బరువు. నొప్పి అనలేం. మూత్రం ముదురు పసుపు. ఒక మధ్యాహ్నం లేత ఎరుపు కనిపించింది. బీట్‌రూట్ తిన్నానా అని గుర్తు చేసుకున్నాను, తినలేదు. నెలసరి రోజులు కావు. అదే సాయంత్రం ఇంటి దగ్గరి ల్యాబ్‌లో యూరిన్ టెస్టుకు ఇచ్చి వచ్చాను. రిపోర్టు పొద్దున ఇస్తామన్నారు.

నొప్పి రాత్రే వచ్చింది. తెల్లవారుజామున నిద్రలో నుంచి లేపింది. ఎడమ డొక్కలో మొదలై కొద్ది నిమిషాల్లోనే భరించలేనంత పెరిగి, ముందుకు తిరిగి పొత్తికడుపులోకి దిగింది. నాకు నడుం నొప్పి కొత్త కాదు, బస్సు ప్రయాణాల వల్ల రెండేళ్లుగా ఉన్నదే. అది వంగితే పెరుగుతుంది, వెల్లకిలా పడుకుంటే తగ్గుతుంది. ఈ నొప్పికి పడుకున్నా, కూర్చున్నా, మోకాళ్ల మీద వంగినా ఒక్కటే. ఏ భంగిమలోనూ ఊరట లేదు. అందుకే మనిషి ఒకచోట ఉండలేడు. నేను హాల్లో గోడ పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూనే ఉన్నాను. చెమటతో నైటీ తడిసిపోయింది. రెండుసార్లు కక్కుకున్నాను, కక్కినాక కూడా వికారం తగ్గలేదు.

అత్తమ్మ లేచి వచ్చి "గ్యాస్ పట్టింది బిడ్డా, ఇంత వాము నములు" అన్నది. ఆమె తప్పేం లేదు, కడుపు ఉబ్బి వాంతి అవుతుంటే ఎవరికైనా గ్యాసే గుర్తొస్తుంది. కిడ్నీకి, పేగులకు పోయే నరాలు కలిసి ఉండటం వల్ల కిడ్నీలో ఇబ్బందికి కడుపు తిప్పుతుందని డాక్టర్ తర్వాత చెప్పారు. నేను ఇద్దరు పిల్లల్ని కన్నాను. ఆ నొప్పులూ అలలు అలలుగానే వస్తాయి కానీ, ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య ఒళ్లు పూర్తిగా వదులవుతుంది, మాట్లాడగలం, నీళ్లు తాగగలం. ఇక్కడ అల తగ్గినా అడుగున ఒక సలుపు ఉండిపోయింది. ఇరవై నిమిషాలకో అరగంటకో మళ్లీ లేచేది. మా ఆయన "పొద్దు పొడిచేదాక ఆగొద్దు, నడువు" అని బండి తీశారు. బండి మీద కూర్చోలేనంటే ఆటో మాట్లాడి దవాఖానకు తీసుకుపోయారు.

డ్యూటీలో చిన్న వయసు లేడీ డాక్టర్ ఉన్నారు. "ఎక్కడ మొదలైంది మేడం, వేలితో చూపించండి" అన్నారు. వేలు పెట్టడానికి ఒక చోటు దొరకలేదు, అరచేయి మొత్తం డొక్క మీద పరిచాను. ఆమె తల ఊపి వరుసగా అడిగారు. నొప్పి ఎటు పోతోంది? చలిపెట్టి జ్వరం వచ్చిందా? మూత్రం వస్తోందా, రంగు ఏమిటి? మంట ఉందా? నెలసరి ఎప్పుడు వచ్చింది, గర్భం ఉండే అవకాశం ఉందా? ఇదివరకు రాళ్లు పడ్డాయా, ఇంట్లో ఎవరికైనా ఉన్నాయా? చివరి ప్రశ్నకు మా నాన్న గుర్తొచ్చాడు, ఆయనకు రెండుసార్లు వచ్చాయి. ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లకు వచ్చే అవకాశం పెరుగుతుందట. తర్వాత వీపు మీద పక్కటెముక కింద పిడికిలితో మెల్లగా తట్టారు. కుడివైపు ఏమీ లేదు. ఎడమవైపు తట్టగానే అరిచేశాను.

నెలసరి గురించి ఎందుకు అడిగారో తర్వాత అర్థమైంది. ఆడవాళ్లలో అండాశయం మెలిపడినా, గర్భం ట్యూబులో నిలిచినా ఇట్లాగే ఒక పక్క తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తాయి. మొదటిదాంట్లో ఆలస్యమైతే అండాశయం పోవచ్చు, రెండోది ప్రాణం మీదికే తేవచ్చు. కాబట్టి "రాయే అయి ఉంటది" అని ఇంట్లో తేల్చేసుకుని నొప్పి గోలీలతో కూర్చోవడం ఆడవాళ్లకు మరీ ప్రమాదం. కుడివైపు నొప్పి అయితే అపెండిక్స్ అనుమానం కూడా ఉంటుంది. అది చాలాసార్లు బొడ్డు చుట్టూ మొదలై కుడి పొత్తికడుపుకు జరుగుతుంది, కదిలితే, దగ్గితే పెరుగుతుంది. అందుకే ఆ మనిషి కాళ్లు ముడుచుకుని కదలకుండా పడుకుంటాడు. రాయి ఉన్న మనిషి తిరుగుతూనే ఉంటాడు. గదిలోకి వచ్చేసరికే నడక చూసి సగం పోల్చుకుంటామని ఆ డాక్టర్ అన్నారు. తెలుసుకోదగ్గ తేడానే, కానీ దాన్ని పట్టుకుని ఇంట్లో నిర్ణయాలు చేయకూడదు.

సూది వేశారు, డైక్లోఫెనాక్. అరగంటలో నొప్పి దిగింది. మంచం మీద కాళ్లు చాపుకోగలిగాను. ఈ మందు మెడికల్ షాపులో గోలీగా దొరుకుతుంది కదా అని ఎవరికి వారు మింగడం మంచిది కాదు. కిడ్నీ పనితీరు ముందే తగ్గి ఉన్నవాళ్లకు, కడుపులో పుండ్లున్నవాళ్లకు, గర్భిణులకు అది హాని చేస్తుంది. నాకు రక్తంలో క్రియాటినిన్ చూశారు, కిడ్నీ పనితీరు చెప్పేది అదే, 0.8 వచ్చింది, సరిగ్గానే ఉంది. యూరిన్‌లో ఎర్ర రక్తకణాలు బాగా కనిపించాయి, చీము కణాలు లేవు. సాయంత్రం ఇచ్చిన ల్యాబ్ రిపోర్టులోనూ అదే ఉంది. కంటికి ఎరుపు కనిపించకపోయినా మైక్రోస్కోప్ కింద రక్తం కనిపించడం రాళ్లున్నవాళ్లలో మామూలు. అసలు రక్తం లేనంత మాత్రాన రాయి లేదని కూడా అనలేరట.

పొద్దున అల్ట్రాసౌండ్ చేశారు. ఎడమ కిడ్నీ కొంచెం వాచింది, కానీ రాయి కనిపించలేదు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే యురేటర్ గొట్టం పేగుల వెనక ఉంటుంది, పేగుల్లో గాలి అడ్డమొస్తే ఆ మధ్య భాగం స్కానింగ్‌లో తెలియదు. గర్భం లేదని టెస్టు చేసి నిర్ధారించుకున్నాక సీటీ తీశారు. రంగు మందు ఎక్కించకుండా తీసేది, సీటీ కేయూబీ అంటారు. రెండు మూడు నిమిషాల్లో అయిపోయింది. ఎడమ యురేటర్ పై భాగంలో 6 మిల్లీమీటర్ల రాయి. కుడి కిడ్నీలో అడుగున 3 మిల్లీమీటర్ల ఇంకో రాయి, అది నాకు ఎన్నడూ నొప్పి చేయలేదు, ఉన్నట్టే తెలియదు.

యూరాలజిస్ట్ ఆ ఫిల్మ్ లైట్ ముందు పెట్టి చూపించారు. నొప్పి రాయి గుచ్చుకోవడం వల్ల కాదు. రాయి అడ్డుపడితే పైనుంచి వచ్చే మూత్రం వెనక్కి తన్నుతుంది, కిడ్నీ ఉబ్బుతుంది, దాని పైపొర సాగుతుంది. గొట్టం కూడా రాయిని కిందికి నెట్టడానికి బిగుసుకుంటూ వదులవుతూ ఉంటుంది. అందుకే అలలు. యురేటర్ పొడవు 25 నుంచి 30 సెంటీమీటర్లు. అందులో మూడు ఇరుకు చోట్లున్నాయి: కిడ్నీ దాటి గొట్టం మొదలయ్యే దగ్గర, నడుము ఎముక అంచున పెద్ద రక్తనాళాల మీదుగా దాటే దగ్గర, మూత్రాశయంలోకి చొచ్చుకుపోయే దగ్గర. రాయి ఎక్కువగా ఆగేది ఈ మూడింట్లోనే. ఎక్కడ ఆగితే నొప్పి అటువైపు కనిపిస్తుంది. ఈ మాట నాకు చాలా పనికొచ్చింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి గుర్తూ దీంతోనే అర్థం చేసుకున్నాను.

5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే పడిపోతాయి, 10 దాటితే పడటం అరుదు. నాది 6. జ్వరం లేదు, కిడ్నీ పనితీరు బాగుంది, రెండో కిడ్నీ ఉంది కాబట్టి కొన్ని వారాలు చూద్దామన్నారు. నెల, నెలన్నర కంటే ఎక్కువ ఆగేది లేదని అప్పుడే చెప్పారు. టాంసులోసిన్ అనే గోలీ రాత్రి పడుకునేముందు వేసుకోమన్నారు, అది గొట్టం కింది భాగాన్ని వదులు చేస్తుంది. లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు, మెల్లగా లేవాలి. చీటీ వెనక పెద్ద అక్షరాలతో రాసిచ్చారు: చలి, వణుకుతో జ్వరం వస్తే, మూత్రం పూర్తిగా ఆగిపోతే, గుక్కెడు నీళ్లు కూడా నిలవకుండా వాంతులైతే, సూదికి కూడా నొప్పి లొంగకపోతే రాత్రనక పగలనక రావాలి.

జ్వరం గురించి ఆయన రెండుసార్లు చెప్పారు. అడ్డం పడిన రాయి వెనక నిలిచిన మూత్రంలో సూక్ష్మజీవులు చేరితే చీము పడుతుంది, గంటల్లో రక్తంలోకి ఎక్కుతుంది. అప్పుడు రాయి సంగతి తర్వాత, ముందు యురేటర్ లోపల స్టెంట్ అనే సన్నని గొట్టమో, వీపులో నుంచి కిడ్నీలోకి గొట్టమో వేసి ఆ మూత్రాన్ని బయటికి తీయాలి. నాకు రాసిచ్చిన వాటిలో అందరికీ చెప్పాలనిపించేది ఇదే. మన దగ్గర జ్వరం అనగానే డోలో వేసుకుని రెండు రోజులు చూస్తారు. పక్కన నొప్పి, దాంతో చలిజ్వరం అయితే ఒక పూట కూడా చూడొద్దు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికైనా, దగ్గర్లో ఏ పెద్ద దవాఖానకైనా అప్పుడే పోవాలి.

ఇంటికి వచ్చాక సలహాలు మొదలయ్యాయి. కొండపిండి ఆకు కషాయం ఒకరు తెచ్చిచ్చారు, ఉలవల నీళ్లు తాగమని ఒకరు, ఈత కల్లు పొద్దుగాలనే తాగితే రాయి కరిగి పోతదని మా ఊరి నుంచి ఫోన్లు. బీరు సంగతి చెప్పినవాళ్లు చెవిలో చెప్పారు. వాళ్ల ప్రేమ మీద నాకు అనుమానం లేదు. కానీ కాల్షియం ఆక్సలేట్ రాయి తాగేవాటితో కరగదు, గోలీలతో కరిగించగలిగేది యూరిక్ యాసిడ్ రాయి. చిన్న రాయి ఎట్లాగూ పడిపోయేదే, ఆ వారంలో ఏం తాగితే దానికి పేరొస్తుంది. నొప్పి ఉన్నప్పుడు బిందెడు నీళ్లు తాగితే రాయి కొట్టుకుపోతుందన్నది కూడా నిజం కాదు. అడ్డం ఉన్నచోటికి ఇంకా నీళ్లు పంపితే కిడ్నీ ఇంకా ఉబ్బుతుంది, నొప్పి పెరుగుతుంది. దాహానికి సరిపడా తాగమన్నారు. బాగా తాగాల్సింది రాయి లేనప్పుడు, మళ్లీ రాకుండా.

కొన్నాళ్లకు నొప్పి చోటు మారింది. డొక్క వదిలి కిందికి, ఎడమ గజ్జలోకి, తొడ లోపలి వైపుకు జారింది. మగవాళ్లకైతే వృషణంలో నొప్పిగా తెలుస్తుంది, సిగ్గుతో చెప్పక ఊరుకుంటారు, చెప్పాలి. ఆ తర్వాత గజ్జల్లో నొప్పి కూడా పోయి మూత్రం ఇబ్బంది మొదలైంది. పోయి వచ్చిన ఐదు నిమిషాలకే మళ్లీ పోవాలనిపించేది, పోతే నాలుగు చుక్కలు, చివరన మంట. అచ్చం మూత్రంలో ఇన్ఫెక్షన్ లాగే. మెడికల్ షాపులో అడిగితే యాంటీబయాటిక్ చేతిలో పెట్టేవాళ్లు. ఆడవాళ్లకు ఈ ఇబ్బంది తరచూ వచ్చేదే కాబట్టి ఎవరికీ రాయి గుర్తురాదు. నాకు మూడు ఇరుకుల బొమ్మ గుర్తొచ్చింది: మూడోచోటికి, మూత్రాశయం గోడలోకి చేరి ఉంటుంది. యూరిన్ మళ్లీ టెస్ట్ చేయించి, కల్చర్‌కు కూడా పంపారు, సూక్ష్మజీవులు పెరగలేదు.

ఆ మంట కూడా ఒకరోజు ఆగిపోయింది. తర్వాత అన్నీ మామూలే. నొప్పి లేదు, వాంతి లేదు, మూత్రం తేటగా ఉంది. ఇంట్లో అందరూ పడిపోయిందన్నారు. "ఇంకా స్కానింగ్ ఎందుకు, పైసలు దండుగ" అన్నవాళ్లూ ఉన్నారు. జమ్మికుంట దగ్గర మా మామయ్య ఒకాయన ఉన్నాడు. ఏళ్ల కింద ఆయనకు ఇట్లాగే నొప్పి వచ్చి, నాలుగు రోజులకు ఆగిపోయింది. రాయి పడ్డదనుకున్నాడు, అందరం అట్లాగే అనుకున్నాం. తర్వాత షుగర్ పరీక్షలకు పోయినప్పుడు స్కానింగ్‌లో తేలింది, ఆ పక్క కిడ్నీ నీటితో ఉబ్బి, గోడ పలచబడి, పని చేయడం మానేసింది. రాయి అక్కడే ఉంది. ఆ నాలుగు రోజుల తర్వాత ఆయనకు ఒక్కసారి కూడా నొప్పి రాలేదు.

ఎందుకంటే రాయి పూర్తిగా అడ్డం పడి కొన్నాళ్లయితే ఆ కిడ్నీ మూత్రం చేయడం తగ్గిస్తుంది, ఒత్తిడి తగ్గుతుంది, నొప్పి చల్లబడుతుంది. లేదా రాయి కొంచెం పక్కకు తిరిగితే మూత్రం సందులో నుంచి జారిపోతుంది. ఏదైనా రాయి మాత్రం అక్కడే ఉంటుంది. నొప్పి లేకపోవడాన్ని నమ్ముకుని కిడ్నీ పోగొట్టుకున్నవాళ్లు మన పల్లెల్లో చాలామంది ఉన్నారని యూరాలజిస్ట్ బాధగా చెప్పారు.

నా స్కానింగ్‌లో కూడా అదే తేలింది. రాయి పోలేదు, యురేటర్ మూత్రాశయంలోకి తెరుచుకునే దగ్గర కూర్చుని ఉంది, కిడ్నీ వాపు తగ్గలేదు. ఈసారి మూత్రాశయం నిండేలా నీళ్లు తాగి పోయాను కాబట్టి అల్ట్రాసౌండ్‌లోనే స్పష్టంగా కనిపించింది. ఇంకో రెండు వారాలు గడువిచ్చారు. అప్పటికీ పడకపోతే మూత్రద్వారం గుండా సన్నని దుర్బిణీ పంపి, లేజర్‌తో పొడి చేసి తీయాలన్నారు, కోత ఉండదు. తీసినాక కొన్నిసార్లు లోపల డీజే స్టెంట్ పెడతారు, దాన్ని చెప్పిన తేదీకి తప్పకుండా తీయించుకోవాలి. పెట్టినట్టు మర్చిపోయి ఏళ్ల తర్వాత దాని చుట్టే రాళ్లు పేరుకుని వచ్చినవాళ్లు ఉంటారట. పేద కుటుంబాలకు ఈ ఆపరేషన్లు ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. ఖర్చుకు భయపడి ఆగిపోయేవాళ్లకు ఈ మాట చెప్పండి.

నాకు ఆపరేషన్ అవసరం పడలేదు. చాయ్ వడబోసే కొత్త జాలి ఒకటి కొని మరుగుదొడ్లో పెట్టుకున్నాను, ప్రతిసారీ అందులోనే. ఒక ఉదయం ధార మధ్యలో ఆగి, ఒక పోటు పొడిచి, మళ్లీ వచ్చింది. జాలిలో కందిపప్పు బద్దంత రాయి, ముదురు గోధుమ రంగు, గరుకు. కడిగి, ఆరబెట్టి, చిన్న డబ్బీలో పెట్టి ల్యాబ్‌కు ఇచ్చాను. కాల్షియం ఆక్సలేట్ అని వచ్చింది, ఎక్కువమందికి వచ్చే రకమే. రాయి దొరికితే పారేయొద్దు, దాని రకాన్ని బట్టే తర్వాతి జాగ్రత్తలు మారతాయి. పడిపోయాక కూడా స్కానింగ్ చేయించాను. వాపు పూర్తిగా దిగింది.

ఒకసారి వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి పదేళ్లలోపు మళ్లీ వస్తాయి. నాకు చెప్పిన జాగ్రత్తల్లో మొదటిది, రోజుకు కనీసం రెండు, రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. ఎంత తాగాలన్నది ఎండను బట్టి, పనిని బట్టి మారుతుంది కాబట్టి వచ్చేదే లెక్క. ఒక ఆదివారం గీతలున్న డబ్బాలో పట్టి కొలిచి చూశాను, అప్పుడు తెలిసింది మునుపు ఎంత తక్కువ తాగేదాన్నో. ఉప్పు తగ్గించాలి, ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ పోతుంది. మా ఇంట్లో తొక్కులు లేనిదే ముద్ద దిగదు, దీనికే కష్టపడుతున్నాను. ఆక్సలేట్ ఎక్కువుండే పాలకూర, చుక్కకూర లాంటివి అప్పుడప్పుడు, కొంచెం. టమాటా గింజల భయం అక్కర్లేదన్నారు. పాలు, పెరుగు మానొద్దన్నారు, అన్నంతో తిన్న పెరుగులోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టుకుని బయటికి పంపుతుంది. ఉప్పు వేయని నిమ్మకాయ నీళ్లు మంచివి.

కుడి కిడ్నీలో 3 మిల్లీమీటర్లది అట్లాగే ఉంది. ఆరు నెలలకోసారి స్కానింగ్‌లో చూస్తున్నారు, పెరగలేదు.

బడిలో తాగుదామంటే అదే పాత సమస్య. నేను తిరిగి వచ్చాక ఆడటీచర్లమంతా కూర్చుని మాట్లాడుకుంటే, మా పెద్ద తరగతుల ఆడపిల్లలు కూడా పొద్దంతా నీళ్లు తాగడం లేదని బయటపడింది, కారణమూ మాదే. హెడ్మాస్టర్ సారుకు, తల్లుల కమిటీకి రాసిచ్చాం. మోటర్ బాగు చేయించారు, ఒక మరుగుదొడ్డికి నీళ్లు వస్తున్నాయి, తాళంచెవి ఇప్పుడు స్టాఫ్‌రూంలో కాకుండా తొమ్మిదో తరగతి లీడర్ దగ్గర ఉంటుంది. రెండోదానికి తలుపు ఇంకా పెట్టలేదు. ఈ జూన్‌లో బడి తెరిచేలోపు పెట్టించాలని మళ్లీ కాగితం ఇచ్చాం.